రేపటి టీలో పాలు

తన పాలు తాగే పాపకి పడవేమోనని ఇన్నాళ్లూ పాలు, పెరుగు మానేసిన మా అమ్మాయి, రేపు పొద్దున్న నుంచి టీలో పాలు పోసుకుంటుందట. మధ్యాహ్నం పెరుగు కూడా వేసుకుంటుందట. సాయంత్రం నేను గిన్నెలు సర్దుతుంటే వెనకాల నుంచుని ఈ మాట చెప్పింది. నేను నోరు తెరిచేలోపు "డాక్టరుగారే అడిగారమ్మా, ఇంకా ఎందుకు పెట్టి చూడలేదని" అని పిల్లనెత్తుకుని గదిలోకి వెళ్లిపోయింది. చిన్నప్పటి నుంచీ దానికిదే అలవాటు, మీకు తెలిసిందే. వాదన మొదలవక ముందే గెలిచేస్తుంది.

ఇప్పుడు పదకొండు దాటింది. ఆయన గురక పెడుతున్నారు. నాకు మాత్రం కడుపులో ఒకటే తిప్పుతోంది. అంతా బాగానే ఉంది కదా! పిల్ల నవ్వుతోంది, తాగుతోంది, మొన్న బోర్లా కూడా పడింది. బోర్లా పడితే బొబ్బట్లు చేయాలి కాబట్టి చేశాను. నెయ్యి లేకుండా, నువ్వుల నూనెతో. తిన్నవాళ్లెవరూ వంక పెట్టలేదు, పెట్టే ధైర్యం కూడా ఎవరికీ లేదనుకోండి. ఇంత నెమ్మదిగా సాగుతున్నదాన్ని ఇప్పుడు కెలకడం ఎందుకు?

మొదట చూసింది నేనే. పాపకి రెండో నెల కూడా నిండలేదు. డైపరు మారుస్తుంటే పసుపుపచ్చ విరేచనంలో కాస్త జిగురు, ఆ జిగురులో సన్నటి ఎర్రటి చార. వెలుతురులోకి తీసుకెళ్లి మళ్లీ చూశాను. నెత్తురే. ఆ మర్నాడే బరంపురం వెళ్లాం. డాక్టరు బరువు చూశారు, పొట్ట నొక్కారు, వెనకాల ఏమైనా చిట్లిందేమోనని చూశారు. బరువు చక్కగా పెరుగుతోంది, పిల్ల హుషారుగా ఉంది, ఇది ఆవుపాలలోని ప్రొటీన్ పడక వచ్చినట్టుంది అన్నారు. పిల్ల తాగేది తల్లిపాలే కదండీ అన్నాను. తల్లి తాగిన పాలలోని కేసిన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ లాంటి ప్రొటీన్లు చాలా కొద్దిగా తల్లిపాలలోకి కూడా వస్తాయట. తల్లిపాలు ఆపొద్దు, తల్లే పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, కోవా మానేయాలి అన్నారు. మానేసింది. కొద్దిరోజుల్లోనే ఆ చార కనపడటం ఆగిపోయింది.

అప్పుడే ఇంకో మాట కూడా చెప్పారు. రెండు నుంచి నాలుగు వారాలు మానేసి, తర్వాత మళ్లీ మొదలుపెట్టి చూడాలి, చార మళ్లీ వస్తేనే ఖాయం, రాకపోతే కాదు అని. ఆ మాటని మా ఇంట్లో అందరం భద్రంగా అటక మీద పెట్టేశాం. టీకా జ్వరమని ఒకసారి, అల్లుడు వచ్చాడని ఒకసారి, అమ్మాయికి జలుబని ఇంకోసారి.

మానేయడం ఎంత పనో చేసినవాళ్లకే తెలుస్తుంది. బాలింతకి నెయ్యి లేని పథ్యం పెట్టిన మొదటి తల్లిని నేనే అయ్యుంటాను ఒడిశాలోని మా పర్లాకిమిడి మొత్తానికి. వెల్లుల్లి కారంలో నువ్వుల నూనె పోసి కలిపి పెడుతుంటే ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగేవి, అది మాత్రం శుభ్రంగా తినేసేది. బ్రెడ్డు ప్యాకెట్టు తిప్పి చూస్తే పాల పదార్థాలు, బిస్కెట్టు తిప్పి చూస్తే పాల పొడి. రజ పండక్కి ఎదురింటి ఒడియావాళ్లు పొడ పిఠా అనే పిండివంటతో పాటు ఛెనా పొడ కూడా పంపారు. ఛెనా అంటే పాలు విరగ్గొట్టి తీసిన ముద్దే కదా. పొయ్యి మీద నుంచి అప్పుడే దించినట్టుంది, పైన గోధుమరంగు తిరిగి, అంచుల్లో చక్కెర మాడిన వాసన. అమ్మాయి ఆ ప్లేటు వంక చూసి "మీరు తినేయండి" అని పెరట్లోకి వెళ్లిపోయింది. ఆయన ఒక్కరే మూడొంతులు తిన్నారు. మనిషికి సిగ్గుండాలి.

ఇదంతా ఒక ఎత్తు, సలహాలు ఒక ఎత్తు. మా పక్కింటి పెద్దమ్మగారి సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. "ఏటమ్మా, గుంట కాళ్లు అలా సన్నంగా ఉన్నాయి, మేకపాలు పొయ్యకపోయారా" అని మొదలు. మేకపాల ప్రొటీన్లు ఆవుపాల వాటికి బాగా దగ్గరగా ఉంటాయి, ఆవుపాలు పడని పిల్లల్లో చాలామందికి అవీ పడవు, గేదెపాలూ అంతే, పైగా ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దన్నారు అని ఓపిగ్గా చెప్పాను. విన్నారు. తల ఊపారు. మర్నాడు గాడిదపాలవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు.

నిజంగానే వెంటబెట్టుకుని వచ్చారు! వీధిలో గాడిదని తోలుకుంటూ "గాడిద పాలో" అని వెళ్తున్న మనిషిని పిలిచి మా గుమ్మం ముందు నిలబెట్టారు. చిన్న ఉగ్గుగిన్నెడు పిండి, ఆ వేడి మీదే పోసేయాలట. ఉబ్బసం రాదట, గొంతు బాగుంటుందట. గాడిద పిల్ల మా తులసికోట దగ్గర మొక్క నములుతోంది. ఆవిడ ఉగ్గుగిన్నె పట్టుకుని "తే గుంటని" అంటున్నారు. కాచని పాలు, చేతులు కడిగాడో లేదో తెలియని మనిషి, అయిదు నెలల పిల్ల. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా పెద్దావిడ కదా అని, అమ్మాయి పడుకుంది, పాప పడుకుంది, నేనూ పడుకోబోతున్నాను అని తలుపేసుకున్నాను. అవతల ఆవిడ వీధి వీధంతా వినపడేట్టు "ఈ కాలం పిల్లలకి చదువెక్కువైంది" అంటున్నారు. చదువు నాకెక్కడ ఎక్కువైంది తల్లీ, పిల్ల దొడ్డికెళ్లింది చూడటం ఎక్కువైంది.

దీనికి కొసమెరుపు మా అల్లుడు. జరిగింది ఫోనులో చెబితే నవ్వి, ఇటలీలో ఆవుపాలు పడని పిల్లలకి గాడిదపాలు పోసి చూశారత్తయ్యా, చాలామందికి పడ్డాయట అన్నాడు. గాడిదపాల ప్రొటీన్లు తల్లిపాలకి కాస్త దగ్గరట. కొవ్వు తక్కువ కాబట్టి అవొక్కటే పోస్తే శక్తి చాలదని, డాక్టర్లు కనిపెట్టుకుని ఉండి ఇచ్చారని, తల్లిపాలు తాగే మన పిల్లకి ఎలాగూ అక్కర్లేదని తర్వాత చెప్పాడు గానీ, ముందుమాట నేను మరిచిపోలేకపోతున్నాను. ఇది పెద్దమ్మగారి చెవిన పడితే మేము ఈ వీధి ఖాళీ చేయాల్సిందే.

వియ్యపురాలుగారిది ఇంకో తీరు. ఆవిడ గట్టిగా ఏమీ అనరు. "మా ఇళ్లల్లో పాలు పడనివాళ్లు ఎవరూ లేరు వదినగారూ" అంటారు, అంతే. అంటే ఆ లోపం మా వైపు నుంచి వచ్చిందని. అప్పుడు నాకు మా చిన్న తమ్ముడు గుర్తొస్తాడు, నోరు మూసుకుంటాను.

తమ్ముడి సంగతి ఎప్పుడో పైపైన రాసినట్టు గుర్తు. కాశీనగర్‌లో మా ఇంట్లో అప్పట్లో రెండు గేదెలు. వాడు పసివాడిగా ఉన్నప్పుడు పాలు పట్టిస్తే కక్కేవాడట. వైద్యం చేసే ఆయనెవరో వచ్చి చూసి "వీడికి పాలు పడవు" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన చెప్పింది ఒక్కరోజు. మా అమ్మ పాటించింది ఏళ్ల తరబడి. వాడికి పాలగుండ (పేరుకే పాలు, అది దుంప పిండి) జావ, గంజి, చారన్నం. మేమందరం గడ్డ పెరుగు వేసుకుని మామిడిపండు నంజుకుంటుంటే వాడు చారు నీళ్లు జుర్రుకుంటూ మా కంచాల వంక చూసేవాడు. సంక్రాంతికి వాడి అరిసెలు విడిగా నూనెలో. వాడు సన్నగా, పొట్టిగా ఉండేవాడు. పాలు పడకే అలా ఉన్నాడని అందరూ అనేవారు. పాలు పెట్టకే అలా ఉన్నాడని ఒక్కరికీ తోచలేదు.

టెక్కలిలో మా పెద్దనాన్న కూతురి పెళ్లిలో వీడు కనపడలేదు. వెతగ్గా వెతగ్గా వంటలు చేసే పందిరి వెనక దొరికాడు, అరిటాకులో కోవా పెట్టుకుని, మూతంతా పులుముకుని. అప్పటికి నాలుగో తరగతో అయిదో చదువుతున్నాడు. మా అమ్మ ఏడుపు, పెళ్లికూతురి తల్లి కంగారు, ఎవరో ఆముదం అని, ఎవరో నిమ్మకాయ అని. రాత్రంతా అమ్మ వాడి పక్కన కూచుంది. వాడు హాయిగా నిద్రపోయాడు. పొద్దున్నే లేచి పెరుగన్నం కావాలన్నాడు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా మూడు పూటలా పెరుగే. ఇప్పటికీ పండగలకి కలిస్తే "నా పదేళ్ల పెరుగు మీరు బాకీ" అంటాడు. సగం నవ్వుతూనే. మిగతా సగం నవ్వు కాదు.

వాడికి అసలు ఎలర్జీ ఉండిందా, ఉండి తగ్గిపోయిందా, లేక పసిపిల్లలందరూ కక్కినట్టే కక్కాడా? ఇప్పుడెవరూ చెప్పలేరు. మళ్లీ పెట్టి చూస్తే మొదటి ఏడాదిలోనే తేలేది.

ఇది రాస్తూ రాస్తూ ఆగి, అల్లుడు ఎప్పుడో పంపి నేను చదవని మెసేజీ తీసి చదివాను. యూరోప్రెవాల్ అని యూరప్‌లో తొమ్మిది దేశాల్లో 12 వేల మంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచీ చూశారట. అనుమానం ఉన్నవాళ్లకి పాలు పట్టించి చూస్తే, నిజంగా ఆవుపాల ఎలర్జీ అని తేలింది నూటికి ఒక్కరికి కూడా కాదు, అందులో సగం. అలా తేలినవాళ్లలో కూడా, ఐజీఈ అనే ఎలర్జీ పరీక్షలో ఏమీ కనపడని నెమ్మది రకం పిల్లలందరికీ ఏడాది తర్వాత పాలు పడ్డాయట. మన బుజ్జిదానిది, ఉంటే గింటే, ఆ నెమ్మది రకమే. పాలు తగలగానే ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాచడం, ఊపిరి ఆడకపోవడం అయితే అది వేరే రకం. వాళ్లు ఇంట్లో ఇలాంటి ప్రయోగాలు చేయకూడదు, ఆసుపత్రిలోనే చేయాలి. ఈ సంగతి డాక్టరు రెండుసార్లు చెప్పారు.

అంటే పాలు మానేశాక చార ఆగిపోయిందన్నది రుజువేమీ కాదన్నమాట. అది దానంతటదే ఆగే రోజుల్లోనే మనం నెయ్యి ఆపామేమో. ఇన్నాళ్లూ అమ్మాయి ఎండు బ్రెడ్డు, డికాషను టీ, చోడి (రాగి) అంబలి మీద బతికింది ఉత్తినేనేమో. ఈ ఆలోచన వస్తే నాకు సంతోషం కలగాలి, కోపం వస్తోంది.

అంబలి అంటే గుర్తొచ్చింది. చోళ్లలో పాలకంటే మూడు రెట్లు కాల్షియం అని నేను అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. అల్లుడు లెక్క వేసి చూపించాడు. 100 గ్రాముల పిండిలో 360 మిల్లీగ్రాములు నిజమే, కానీ ఒక గ్లాసు అంబలికి పట్టేది 30 గ్రాముల పిండి. అంటే వందకి కాస్త పైన. గ్లాసు పాలలో 240 దాకా ఉంటుంది. పైగా చోళ్లలోది అంతా ఒంటికి పట్టదు, నానబెట్టి మొలకెత్తిస్తే కాస్త నయమట. పాలిచ్చే తల్లికి రోజుకి 1200 మిల్లీగ్రాములు కావాలి. అందుకే డాక్టరు కాల్షియం బిళ్లలు రాశారు. అమ్మాయి అవి సగం రోజులు మరిచిపోతుంది, ఖాళీ కాని అట్ట నేను చూస్తూనే ఉన్నాను. మునగాకు, ఎండు నెత్తళ్లు (చిన్న చేపలు) వండుతున్నాను గానీ, రోజూ నెత్తళ్లంటే అది ముఖం చిట్లిస్తుంది.

కాబట్టి సరే. పోసుకోనీ. వారం పాటు పాలు, పెరుగు మామూలుగా తింటుంది, నేను డైపర్లు చూస్తాను. చార వస్తే ఆపేసి, పాపకి ఏడాది దగ్గరపడ్డాక మళ్లీ చూడటమే, అప్పుడు కనీసం ఎందుకు మానేశామో తెలిసి మానేస్తాం. కానీ రేపే ఎందుకు, రేపు శనివారం, ఏదైనా అయితే డాక్టరు ఆదివారం దొరకరు, సోమవారం మొదలుపెట్టొచ్చు కదా అని ఇంకో పక్క అనిపిస్తోంది. ఈ మాట పొద్దున్నే అంటాను. అది వినదు.

అన్నప్రాశనకి ముహూర్తం పెట్టేశారు. ఆడపిల్లకి బేసి నెల కావాలి కాబట్టి ఏడో నెలలో. ఆరు నెలలు నిండాకే అన్న డాక్టరు మాటకీ సరిపోయింది, ఆ ఒక్కదానికీ గొడవ లేదు. పరమాన్నం దగ్గరే చిక్కు. ఈ వారం అంతా సవ్యంగా జరిగితే ఆవుపాలతోనే వండుతాను, పాప చేత చెంచాడు నాకిస్తాం. లేకపోతే కొబ్బరిపాలు, బెల్లం. ఏదైనా వంటలోకే. ఏడాది నిండేదాకా తల్లిపాల బదులు ఆవుపాలు పోయొద్దని, వాటిలో ఇనుము తక్కువని ముందే చెప్పారు. వియ్యపురాలుగారు వెండిగిన్నె, ఇంటి ఆవునెయ్యి తెస్తున్నారు. కొబ్బరిపాలయితే ఆ సంగతి ఆవిడకి ఎవరు చెప్పాలన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. ఆయన మాత్రం "నన్ను లాగకండి" అని రాత్రి అన్నం దగ్గరే చెప్పేశారు. ఛెనా పొడ తినేటప్పుడు లేని మొహమాటం ఇప్పుడొచ్చింది.