ఊర్మిళకి ఎంత స్క్రీన్ టైం?

ఆదివారం, కూకట్‌పల్లి.

రైతుబజార్ నుంచి తెచ్చిన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చున్నాను. అక్క కూతురు పక్కనే చేరి ఫోన్లో ఏదో ఎడిట్ చేస్తోంది. చూస్తే ఆర్‌ఆర్‌ఆర్‌లో భీమ్, జెన్నీ. మూడు గంటల సినిమాలో ఆ ఇద్దరూ కలిసి కనబడేది కాసేపే. అందులోంచే ఓ చూపు, ఓ నవ్వు కత్తిరించి, స్లో మోషన్‌లో పెట్టి, వెనక వేరే పాట తగిలించింది.

"అంత చిన్న ట్రాక్ కోసం ఇంత కష్టమెందుకే?" అన్నాను.

"చిన్నది కాబట్టే పిన్నీ. అన్నీ వాళ్ళే చూపించేస్తే నాకేం మిగుల్తుంది?"

నిజమే. భీమ్‌కి ఇంగ్లీషు రాదు, జెన్నీకి ఈయన మాట అర్థం కాదు. కారు టైరు పంక్చరయితే బండి మీద ఎక్కించుకెళ్తాడు, ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటారు. మిగతాదంతా మనమే అల్లుకోవాలి.

కానీ తక్కువ చూపించిన ప్రతి జంటా ఇలా అతుక్కోదు. అవంతిక సంగతేంటని అడిగాను. 2015లో మొదటి బాహుబలిలో శివుడి ప్రేమంతా ఆమె చుట్టూనే తిరిగింది. నీళ్ళలో చెయ్యి పెట్టి సేద తీరుతుంటే ఆ చేతి మీద రంగులతో బొమ్మ వేస్తాడే, ఆ సీనుకి హాల్లో ఈలలే ఈలలు. 2017లో రెండో భాగం వచ్చేసరికి ఆమె ఇలా కనబడి అలా మాయం. అయినా పాపం అన్నవాళ్ళు నాకు తగల్లేదు. మా ఆఫీసులో అందరి నోటా దేవసేనే, ఆ మూడు బాణాల సీనే.

కథ శివుడి తండ్రి వైపు తిరిగింది, సరే. కానీ నాకు తోచేది వేరు. దేవసేనని విడిపించాలన్నది అవంతిక పట్టుదల. మొదటి భాగంలోనే శివుడు ఆ పని తన నెత్తిన వేసుకున్నాడు. ఇక ఆమె గురించి ఊహించుకోవడానికి ఏముంది? నిమిషాలు తగ్గడం కాదు, ఆమెకంటూ ఓ పని లేకుండా పోయింది. నన్నడిగితే అసలు దెబ్బ అక్కడే.

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "మరి ఊర్మిళకి రామాయణంలో ఎంత చోటుందే?"

వాల్మీకి పెళ్ళి చేసి ఊరుకున్నాడు. లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు అడవిలో ఉంటే ఆమె ఏమైందో చెప్పలేదు. ఆ ఖాళీలోనే మన ఆడవాళ్ళు 'ఊర్మిళాదేవి నిద్ర' పాట కట్టుకున్నారు. పట్టాభిషేకం అయ్యాక సీత గుర్తుచేస్తే తప్ప లక్ష్మణుడు ఇంటి ముఖం చూడడు. తీరా వెళ్తే, నిద్రలో ఉన్న ఊర్మిళ మొగుణ్ణి పోల్చుకోదు. ఎవరో పరాయివాడనుకుని, మా నాన్నకి తెలిస్తే నీ పని పడతాడని బెదిరిస్తుంది. పరస్త్రీ జోలికెళ్ళి ఇంద్రుడేమయ్యాడో, రావణుడేమయ్యాడో ఏకరువు పెడుతుంది. ఇన్నేళ్ళ కోపం ఆ తిట్లలో తీర్చుకుందని నా అనుమానం. తెలిసే తిట్టిందేమో కూడా.

"అమ్మమ్మా, అయితే అదీ ఎడిటే!" అని గంతేసింది పిల్ల.

అమ్మ నాలుగు చరణాలు పాడి, తర్వాతవి గుర్తురాక ఆపేసింది. రాత్రి పదవుతోంది. పిల్ల భీమ్‌ని వదిలేసి ఊర్మిళ ఎడిట్ మీద పడింది. లక్ష్మణుడు దొరికాడట, ఊర్మిళకే ఎవరూ కుదరడం లేదు. సాయిపల్లవిని పెట్టమన్నాను. ఆవిడ హిందీ 'రామాయణ' సినిమాలో సీతగా చేస్తోంది కదా, ఎలా పిన్నీ అని విసుక్కుంది.