హోక్వియం మీదుగా

సముద్రం చూడాలనిపించినప్పుడు మేము సియాటిల్ వైపు నుంచి ఓషన్ షోర్స్‌కు వెళుతుంటాం. అబర్డీన్ దాటగానే వచ్చే హోక్వియంలో కారు ఆపి పులిహోర డబ్బా మూత తీయడం అలవాటు కాబట్టి, మా అమ్మాయికి అది పులిహోర ఊరుగానే గుర్తు. తొమ్మిదో తరగతి చరిత్ర ప్రాజెక్టుకు తను ఎంచుకున్న ఆల్బర్ట్ జాన్సన్ అక్కడే పత్రిక నడిపారని తెలిసినప్పుడు తనకంటే నేనే ఎక్కువ ఉలిక్కిపడ్డాను.

ఆయన అనాలా, అతను అనాలా అన్న చిక్కు తెలుగులో ఆలోచించే నాకే తప్ప, ఇంగ్లీషులో రాసుకునే పిల్లకు లేదు. 1912 మొదలు వరసగా పదిసార్లు అమెరికా ప్రతినిధుల సభకు గెలిచి, 1919 నుంచి 1931 దాకా వలస వ్యవహారాల సంఘానికి అధ్యక్షత వహించిన మనిషి. అన్నిసార్లు ఓట్లు వేసింది ఇరుగుపొరుగు మామూలు జనమే. మనుషుల్లో మేలుజాతిని లెక్కగట్టవచ్చునన్న హ్యారీ లాఫ్లిన్‌ను ఆ సంఘం తన నిపుణుడిగా పెట్టుకుంది. ఆ సిద్ధాంతాన్ని పిల్లకు తెలుగులో చెప్పబోతే, గిత్తలు కొనేటప్పుడు మా తాతయ్య వాడిన మాటలే నాకు నోటికొచ్చాయి.

ప్రాజెక్టులో అసలు కిటుకు లెక్కలో ఉంది. 1921 చట్టం, 1910 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో ఉన్న ఒక్కో దేశపు వలసజనంలో నూటికి ముగ్గురి చొప్పున ఏటా రానిచ్చింది. 1924లో జాన్సన్, సెనేటర్ డేవిడ్ రీడ్‌ల పేర్లతో వచ్చిన చట్టం దాన్ని ఇద్దరికి తగ్గించడమే కాక, ఇటలీ, తూర్పు యూరప్ జనం ఇంకా పెద్దగా చేరని 1890 నాటి లెక్కలను ఆధారంగా తీసుకోవడంతో, ఇటలీ కోటా 42 వేల నుంచి 4 వేల లోపుకు పడిపోయింది. ఇండియాకు కాగితం మీద 100 ఇచ్చారు. కానీ పౌరసత్వానికి అర్హత లేనివారు రాకూడదన్న నిబంధన ఆ చట్టంలోనే ఉంది. భారతీయులకు ఆ అర్హత లేదని సుప్రీంకోర్టు అంతకు ముందు ఏడే థిండ్ కేసులో తేల్చేసింది. ఆ తలుపు సందు తెరుచుకున్నది 1946లో, అదీ ఏడాదికి నూరుమందికే.

"మన గ్రీన్‌కార్డు లైన్ కూడా ఈ జాన్సన్ వల్లేనా అమ్మా?" అని అడిగింది. కాదనే చెప్పాను. 1924లో ఆ బిల్లును వ్యతిరేకించిన ఇమాన్యుయేల్ సెల్లర్ పేరే ఆ కోటాలను రద్దుచేసిన 1965 చట్టానికీ ఉంది. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఇప్పుడున్న 7 శాతం పరిమితి అన్ని దేశాలకూ ఒకటే. అయితే పుట్టిన దేశాన్ని బట్టి వరస కట్టే అలవాటు మిగిలిందన్న మాట దాచలేకపోయాను. ఇక్కడే పుట్టిన తనకు ఆ వరసతో పనిలేదు. ఆ వరస ఏ తేదీ దాకా కదిలిందో చెప్పే వీసా బులెటిన్‌ను నెలనెలా చూసి వాళ్ల నాన్న ఫ్రిజ్ మీది చీటీలో తేదీ మారుస్తుంటారు. ఆ రాత్రి పిల్ల ఆ చీటీని ఫొటో తీసుకుని, ప్రాజెక్టులో పెట్టుకోవచ్చా అని నాన్నను అడిగింది.