ఈ క్రిస్మస్ కానుక మా గుడి స్లాబుకి

మా ఊరి కొత్త గుడి గోడలు లింటెల్ దాటాయి. పిల్లర్ల చువ్వలు పైకి లేచి నిలబడ్డాయి. ఇక స్లాబు పడాలి. మా చర్చి ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రిలో లెక్కలు చూసేది నేనే, కాబట్టి ఈ డిసెంబరంతా ఎవరు ఎదురుపడ్డా నా నోట ఇదే మాట. ఇక్కడా అదే రాస్తున్నాను.

మాది డోర్నకల్ దగ్గర ఊరు, నల్లరేగడి నేల. వానకి ఉబ్బి ఎండకి పగిలే ఆ మట్టిలో పునాది లోతుగా తియ్యక తప్పదు. మొదట్లో వచ్చిన కానుకలన్నీ భూమిలోకే పోయాయి, పైకి కనబడిందేమీ లేదు. అప్పుడు ఇచ్చినవాళ్లంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. కట్టడం కళ్లకి కనబడుతున్నప్పుడు ఇవ్వడం అంత కష్టం కాదు.

గోడలైతే డబ్బు వచ్చినకొద్దీ కట్టుకోవచ్చు. వంద ఇటుకలకి డబ్బుంటే వంద ఇటుకలే పేరుస్తాం, లేనప్పుడు ఆపేస్తాం. స్లాబుతో అలా కుదరదు. సెంట్రింగ్ కొట్టి చువ్వ కట్టాక, పొద్దున మొదలుపెట్టిన కాంక్రీటు ఆపకుండా సాయంత్రానికి పూర్తి కావాలి. సగంలో ఆపి మర్నాడు పోస్తే ఆ అతుకు దగ్గరే వానాకాలం నీళ్లు దిగుతాయి. సిమెంటు, కంకర, ఇసుక, చువ్వ, కూలి, అన్నీ ముందే చేతిలో ఉండాలి. తొందర పెడుతున్నామని కొందరు నొచ్చుకుంటున్నారు, కారణం ఇదీ.

అయితే క్రిస్మస్ నాటికే అందరూ ఇచ్చెయ్యాలంటే నేను ఒప్పుకోను. కమిటీలోనూ ఇదే చెప్పాను. వరి వేసినవాళ్లకి కోతలు అయిపోయాయి, కాంటా పెట్టిన వడ్ల డబ్బు ఖాతాలో పడుతుంది. పత్తివాళ్ల చేతికి అంతో ఇంతో వచ్చి ఉంటుంది. మిర్చి వేసినవాళ్ల సంగతేంటి? డిసెంబరులో వాళ్లది మందులకీ కూలీలకీ పెట్టుబడి పెట్టే కాలం. కాయ ఎండి, బస్తాలకెక్కి, ఖమ్మం మార్కెట్‌కి చేరాకే వాళ్లకి డబ్బు. పండగనాడు వాళ్ల చేతిలో కానుక కవరు పెట్టి ఎదురుచూడటం అన్యాయం. వాళ్లు ఈస్టరుకి ఇస్తామంటే ఈస్టరుకే రాసుకుంటాం. స్లాబు ఆ తర్వాతే పోద్దాం, ఏం పోయింది? పెద్దలు ఒప్పుకున్నారు, సంతోషం.

మా ప్రాంతంలో ఇలా ఇవ్వడం కొత్త కాదు. 1912లో డోర్నకల్‌కి బిషప్ అయిన అజరయ్య గారి కాలం నుంచీ ఇళ్లలో పిడికెడు బియ్యం ఆనవాయితీ ఉంది. వంటకి కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేస్తారు, ఆదివారం ఆ బియ్యం గుడికి వస్తుంది. అప్పట్లో మా సంఘాల్లో ఎక్కువమంది కూలి గింజల మీద బతికినవాళ్లే. రూపాయి చూడని ఇల్లాలు కూడా ఆ పిడికిటితో దాతే అయింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్‌ని చూడండి. గుమ్మటాలు మసీదును, స్తంభాలు హిందువుల గుడి మండపాన్ని తలపిస్తాయి. మన నేల మీద మన పోలికలతో లేచిన ఆరాధనాలయం అది. దాని ముందు నిలబడితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ పిడికిళ్లే. మా అమ్మమ్మ కుండ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, అందులో బియ్యం పోస్తూనే ఉన్నాం.

"ఊళ్లో ఇంత బీదరికం ఉంటే గుడికి స్లాబు కావాలా?" అని మా తమ్ముడి కొడుకు అడిగాడు. మంచి ప్రశ్న, కోప్పడాల్సిన పని లేదు. వాడికి మెదక్ చర్చి సంగతి చెప్పాను. మిషనరీ పాస్నెట్ దొర ఆ చర్చిని 1914లో మొదలుపెట్టారు, 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠ చేశారు. గోపురం ఎత్తు 175 అడుగులు. కరువులో జనానికి పని కల్పించి కడుపు నింపిన కట్టడంగా మెదక్ వాళ్లు దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. మా గుడి దాని ముందు ఎంత? కానీ ఆ పద్ధతి మేమూ పాటించొచ్చు. మేస్త్రీలూ కూలీలూ మా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే, ఏ మతంవాళ్లయినా సరే. పండగకి ముందే వాళ్ల కూలి పైసాతో సహా చెల్లించాలి. వాళ్లకి బాకీ పెట్టి మనం కేకు కోసుకోకూడదు. ఏటా వితంతువులకి పెట్టే చీరల డబ్బునీ ఈ స్లాబులో కలపనివ్వను. అది వేరే పుస్తకం, వేరే డబ్బా.

ఇంకొకటి గట్టిగా అడుగుతున్నాను. క్రిస్మస్ ఆరాధనలో మైకు పట్టుకుని ఎవరెంత ఇచ్చారో చదవొద్దు. పెద్ద మొత్తం చెప్పగానే చప్పట్లు కొడతారు. యాభై రూపాయలు తెచ్చిన ముసలమ్మ కవరును కొంగులో దాచుకుంటుంది. యేసు ప్రభువు కానుక పెట్టె ఎదుట కూర్చుని మెచ్చుకున్నది రెండు కాసులు వేసిన బీద విధవరాలిని. ఖర్చు మాత్రం ప్రతి రూపాయీ గుడి గోడమీద కాగితం అంటించి చూపిద్దాం. బిల్లులు అందరూ చూడాలి, పేర్ల పక్కన అంకెలు ఎవరూ చూడక్కర్లేదు. శిలాఫలకం మీద కూడా దాతల పేర్లు వద్దు, ప్రతిష్ఠ తేదీ చాలు.

దూరాన ఉన్న మన పిల్లలకి ఒక మాట. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మీ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కిందికి రాదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలి, మా సంఘానికి అది లేదు. కాబట్టి దయచేసి అలా పంపకండి, ఎవరి ఖాతాలోనో వేసి తిప్పి ఇప్పించకండి. సెలవుల్లో వచ్చినప్పుడు మాతో కలిసి పనిచెయ్యండి.

పనికి కొదవ లేదు. స్లాబు పోశాక మడులు కట్టి రోజూ నీళ్లు నిలపాలి, ఆరనిస్తే బీటలు వస్తాయి. ఆ పని యౌవనస్థులు తీసుకున్నారు. కాంక్రీటు పోసే రోజు వంట మా మైత్రి వాళ్లది, బియ్యం పిడికెడు కుండల్లోవే. కూరగాయలు ఇచ్చేవాళ్లు, పెద్ద గిన్నెలు ఉన్నవాళ్లు నాకు చెప్పండి. పండగ ఆరాధన అయ్యాక రిజిస్టరు పట్టుకుని గుడి బయట వేపచెట్టు కింద కూర్చుంటాను.