ఓటు లేనివాడు చూసిన కాకస్

2008 జనవరి 3వ తేదీ సాయంత్రం అమెరికాలోని అయోవా రాష్ట్ర రాజధాని డెమాయిన్‌లో, మా ఇంటికి దగ్గరలోని స్కూలు జిమ్‌లో గోడవారగా కూర్చుని డెమోక్రాట్ల కాకస్ చూశాను; పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థిగా ఎవరుండాలో స్థానికులు సభలో కూడి తమ మొగ్గు తెలిపే పద్ధతి అది. హెచ్1బి వీసా మీద ఒక బీమా కంపెనీలో ప్రోగ్రామరుగా ఉన్న నాకు అక్కడ ఓటు లేదు. చూడటానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఓటు గుట్టుగా వేయాలని చిన్నప్పటినుంచీ విన్నవాడిని. ఇక్కడ ఒబామా వైపువారు ఒక మూల, హిల్లరీ క్లింటన్ వైపువారు మరో మూల, జాన్ ఎడ్వర్డ్స్ వైపువారు ఇంకో మూల, ఇరుగుపొరుగుల కళ్లెదుటే నిలబడి తలలు లెక్కపెట్టించుకున్నారు. వచ్చినవారిలో 15 శాతం కూడా రాని అభ్యర్థి గుంపు చెదిరి, ఇష్టమైతే మరొకరి పక్షాన చేరవచ్చన్నది అప్పటి పద్ధతి.

అసలు పని ఆ కాసేపట్లోనే జరిగింది. ఒబామా తరఫున ఆ కేంద్రం బాధ్యత చూస్తున్నది మా వీధిలోనే ఉండే ఒక రిటైర్డు టీచరు. ఆవిడ ఎవరికీ ఫోను చేయలేదు, ఎవరి అనుమతీ అడగలేదు. చెదిరినవారి దగ్గరకు వెళ్లి, పేరుపేరునా పలకరించి, ఎవరికి ఏ విషయం ముఖ్యమో ముందే తెలిసినట్టుగా మాట్లాడి, ఐదారుగురిని తనవైపు తీసుకువచ్చారు. మనుషులను గౌరవించాలి, బాధ్యత అప్పగించాలి, కలుపుకుపోవాలి అన్నది ఒబామా ప్రచార బృందం తన కార్యకర్తలకు నూరిపోసిన సూత్రం. 1,781 కేంద్రాల్లో ఒకేసారి జరిగే సభలను ఒక్క ఆఫీసులో కూర్చుని నడిపించడం ఎలాగూ సాధ్యమయ్యేది కాదు.

రాష్ట్రం మొత్తం మీద ఒబామాకు 38 శాతం, ఎడ్వర్డ్స్‌కు 30, క్లింటన్‌కు 29 వచ్చాయి. 2004లో దాదాపు 1,24,000 మంది వచ్చిన డెమోక్రాట్ల కాకస్‌కు ఈసారి దాదాపు 2,39,000 మంది వచ్చారు. ఉపన్యాసాల బలాన్ని నేను తక్కువ చేయను, కానీ అంతమందిని జనవరి చలిలో ఇళ్లలోంచి కదిలించింది ఆ టీచరు లాంటివారేనని నా నమ్మకం. ఆ సాయంత్రం నైట్ డ్యూటీకి వెళ్లిన నర్సులకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఆ సభలో చోటు లేకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

అప్పట్లో మా ప్రాజెక్టులో రెండు వరుసల కోడు మార్చాలన్నా మేనేజరు అనుమతి కోసం రోజులతరబడి ఆగేవాళ్లం; నేనూ నా కింద పనిచేసే ముగ్గురినీ అలాగే ఆపేవాడిని. తరువాతి సోమవారం, ఆ వారం వెళ్లాల్సిన మార్పుల జాబితాను ఆ ముగ్గురి ముందు పెట్టి, ఏది ఎవరు చూసుకుంటారో వాళ్లనే తేల్చుకోమన్నాను.