నలభై కిలోమీటర్లకి మూడుసార్లు

19 సెప్టెంబరు 2024, గురువారం

పొద్దున్న సింహద్వారం దగ్గర హైవే ఎక్కుతుంటే క్లచ్ మళ్ళీ జారింది. ఇంజను అరుస్తోంది గానీ బండి కదలదు. వెనక ఇసుక లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఈ డీజిల్ కారు నా దగ్గరికొచ్చి పన్నెండేళ్ళు. శ్రీకాకుళం నుంచి పైడిభీమవరంలోని మందుల ఫ్యాక్టరీకి పోను నలభై, రాను నలభై. ఇక దీనివల్ల కాదని నాకు తెలుసు, దానికీ తెలిసినట్టే ఉంది.

జూన్‌లో టాటా వాళ్ళ కారు ఆల్ట్రోజ్ రేసర్ వచ్చినప్పటి నుంచి నాకు ఇదే గొడవ. అదా, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైనా? ఇంట్లో అయితే వీటికి పేర్లు అక్కర్లేదు. ఆల్ట్రోజ్‌ని నారింజ, ఐ20ని నీలం అంటే చాలు. మొదట్లో నాన్నకి "హాట్ హ్యాచ్" అని చెప్పబోయాను. "హాటంటే? వేడెక్కిపోద్దేట్రా?" అన్నారు. సంసారం చేసుకునే చిన్న కారులో బలమైన ఇంజను పెడతారని, 1976లో జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ అమ్మకాలు మొదలైనప్పటి నుంచి దీనికి పిచ్చివాళ్ళున్నారని చెప్పాను. "అయితే నువ్వొకడివి" అని పేపరు తిప్పేశారు.

ఆ గోల్ఫ్‌కి 110 హార్స్‌పవర్. వీటికి 120. అసలు సిసలు అభిమానులు వీటిని ఆ జాతిలో కలపరు గానీ, పైడిభీమవరం వెళ్ళిరావడానికి ఇంతకంటే ఎందుకు? కాగితం మీద రెండూ కవలలే. మూడు సిలిండర్లు, ఇంజనులోకి గాలిని గట్టిగా తోసే టర్బో, 37 లీటర్ల ట్యాంకు. టార్క్, అంటే ఇంజను తిప్పే బలం, నీలానికి 172 న్యూటన్ మీటర్లు, నారింజకి 170. రాత్రుళ్ళు ఆ రెండు న్యూటన్ మీటర్ల తేడా గురించి చదువుతూ కూర్చున్న మాట నిజం. తేడా ఎక్కడుందంటే ఇంజను సైజులో. నీలానికి 998 సీసీ, నారింజకి 1199.

ఆదివారం నీలం బండి తోలాను. "తోలడం ఎడ్లబండినండీ, కారుని నడపడం అనండి" అంటుంది మా ఆవిడ. కాకినాడ మనిషి. మా వైపు విమానాన్ని కూడా తోలతాం. సరే, ఎచ్చెర్ల వైపు హైవే మీద మూడో గేరులో తొక్కితే వెనక రెండు గొట్టాల సైలెన్సరు గుర్రుమంది. స్టీరింగ్ చేతికి బిగువుగా ఉంది. నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. దిగాక కూడా కాసేపు నవ్వు మొహం పోలేదు.

కానీ ఊళ్ళోకి తిరిగి వచ్చేటప్పుడు స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒకటి గమనించాను. మూడో గేరులోనే నెమ్మదిగా దాటించి యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే, బండి ఒక్క క్షణం ఆలోచించుకుని అప్పుడు లాగింది. టర్బోని తిప్పేది పొగ గొట్టం నుంచి పోయే గాలే. ఇంజను నిమిషానికి 1500 చుట్ల కంటే కింద ఉంటే ఆ గాలికి ఊపు చాలదు. రెండో గేరుకి దించితే ఏ బాధా లేదు. పన్నెండేళ్ళుగా డీజిల్‌కి అలవాటైన ఎడమ చెయ్యి ఆ మాట వింటుందా అన్నదే అనుమానం. ఆటోమేటిక్ తీసుకోమన్నాడు షోరూమ్ కుర్రాడు. నారింజలో అది లేదు, మాన్యువల్ ఒక్కటే. నాకు గేరు మార్చడమే సరదా కాబట్టి ఆ మాట అక్కడితో వదిలేశాను.

ఈ రోజు గంట ముందు పర్మిషన్ తీసుకుని బయల్దేరాను, నారింజ బండి ఇంటికి తెస్తామన్నారని. దారిలో ఊరికే ఒక లెక్క మొదలుపెట్టాను. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాల్సిన అవసరం ఎన్నిసార్లు వస్తుంది? పైడిభీమవరంలో సర్వీస్ రోడ్డు నుంచి హైవే ఎక్కేటప్పుడు ఒకటి. రణస్థలం ముందు ట్యాంకర్‌ని దాటడానికి ఒకటి. చిలకపాలెం దాటాక ఇంకొకటి, అది మాత్రం అవసరం కాదు, రోడ్డు ఖాళీగా కనబడి. నలభై కిలోమీటర్లకి మూడు. మిగతాదంతా ఎనభైలో ఒకే తీరున పోవడం, ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆటోల మధ్య క్లచ్ తొక్కి నిలబడడం.

నారింజ బండి వీధిలోకి రాగానే పిల్లలు పోగయ్యారు. బోనెట్ మీద రెండు తెల్ల చారలు. "ఏట్రా ఆ గీతలు, పెళ్ళి బస్సుకి ఏసినట్టు" అన్నారు నాన్న. నేను తోలి వచ్చాను. బాగుంది. నీలం అంత చిలిపిగా లేదు. సీట్లోంచి చల్లగాలి వస్తుంటే మాత్రం, ఈ సెప్టెంబరు ఉక్కలో, చారల సంగతి మర్చిపోయాను.

అసలు పరీక్ష అమ్మది. మోకాళ్ళ నొప్పులు. ఆదివారం ఆదివారం అరసవిల్లి వెళ్ళాలి. ఐ20లో కూర్చున్నప్పుడు ముందు తల వంచి, తర్వాత కాలు చేత్తో పట్టుకుని లోపల పెట్టుకుంది. ఈ కారు వెనక తలుపు తీస్తే పూర్తిగా, గోడకి ఆనించిన తలుపులా, తొంభై డిగ్రీలు తెరుచుకుంది. అమ్మ వెనక్కి తిరిగి, అరుగు మీద చతికిలబడ్డట్టు సీటు మీద కూర్చుని, రెండు కాళ్ళూ ఒక్కసారే లోపలికి తిప్పుకుంది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. "ఇది బాగుందిరా" అంది. గీతల గురించి అడగనే లేదు.

రాత్రి మా ఆవిడ క్యాలెండరు వెనక లెక్క వేసింది. నెలకి రెండు వేల కిలోమీటర్లు. టర్బో పెట్రోలు లీటరుకి 14 ఇస్తుందనుకుని, లీటరు 109 చొప్పున 15,600 దాకా. ఇప్పటి డీజిల్ ఖర్చు 9,700. "ఆ మూడుసార్లు తొక్కడానికి నెలకి ఆరు వేలండీ" అంది. లెక్క గురించి చెప్పడమే నాది పొరపాటు. సరదాలకి నాకు వేరే ఖర్చు లేదు కదా అన్నాను. దానికి ఏమీ అనలేదు, పెన్ను మూత పెట్టింది.

నా మనసు నీలం మీదే ఉంది. చెయ్యి నారింజకి సంతకం పెట్టేలా ఉంది. రేపే వెళ్ళి అడ్వాన్సు ఇచ్చేద్దామనుకున్నాను, దసరాకి బండి రావాలంటే. అన్నం దగ్గర అమ్మ ఆపేసింది.

"మహాలయ పక్షాలు నిన్ననే మొదలైనాయి. ఇప్పుడేటి కొనడం? అమావాస్య ఎల్లనీ."

అమావాస్య అక్టోబరు 2న. అంటే ఇంకో పదమూడు రోజులు ఈ క్లచ్‌తోనే. మెకానిక్‌కి ఫోన్ చేస్తే శనివారం తెమ్మన్నాడు. రేపు కంపెనీ బస్సే. 6:20కి డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఉండాలి, అయిదింటికి అలారం పెట్టాను.