హ్యాష్ కలవలేదని అందరి ముందు నిలబెట్టినారు: డిజిటల్ ఫోరెన్సిక్స్ కోర్సు, నా అనుభవం

నిన్ననే మార్కులు వేసినారు. కోపం ఇంకా తగ్గలేదు గానీ ఇప్పుడు రాయకపోతే ఇంక రాయను. మా కాలేజీ తిరుపతిలోనే, పేరు వద్దు. డిగ్రీ కంప్యూటర్స్ వాళ్ళకు డిజిటల్ ఫోరెన్సిక్స్, అంటే కంప్యూటర్లు, డ్రైవ్‌లలో సాక్ష్యం వెతికి తీయడం, అని ఒక పేపర్ పెట్టినారు, బేసిక్ లెవెలే, థియరీ కొంచెం, ల్యాబ్ ఎక్కువ. తీసుకోవాలా వద్దా అక్కా అని జూనియర్లు అడుగుతానే ఉన్నారు, అందుకే జరిగింది జరిగినట్టు చెప్తా ఉన్నా.

చేరడం సులభమే, ఫారం నింపి ఆఫీసులో ఇస్తే అయిపోయింది. థియరీ కూడా భయపడేంత లేదు. ఫ్రాన్స్‌లో లియాన్ ఊర్లో ఎడ్మండ్ లోకార్డ్ అని ఒకాయన ఉండేవాడు, రెండు వస్తువులు తగిలితే ఒకదాని ఆనవాలు ఇంకోదానికి అంటకుండా పోదు అనేది ఆయన చెప్పిన సూత్రం, అక్కడి నుంచి మొదలుపెడతారు. అమెరికాలో విచిటా ఊర్లో బీటీకే అని పేరు పెట్టుకొని హత్యలు చేసి ఏళ్ళ తరబడి దొరక్కుండా తిరిగినవాడు 2005లో టీవీ వాళ్ళకు ఒక ఫ్లాపీ పంపిస్తే, అందులో డిలీట్ చేసిన వర్డ్ ఫైల్ వివరాల్లో ఒక చర్చి పేరు, డెనిస్ అనే పేరు బయటపడినాయి, డెనిస్ రేడర్ దొరికిపోయినాడు. ఈ కేసు చెప్పిన రోజు క్లాసులో ఒక్కరు కూడా ఫోన్ చూడలేదు. చట్టాల యూనిట్ మాత్రం చాలామంది వదిలేసినారు, నేను వదల్లేదు, అదే నన్ను కాపాడింది. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో ఎలక్ట్రానిక్ రికార్డులకు 65బి అనే సెక్షన్ ఉండేది, 2024 జూలై 1 నుంచి ఆ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, అందులో సెక్షన్ 63. కోర్టుకు ఎలక్ట్రానిక్ రికార్డు ఇస్తే దాంతోపాటు ఒక సర్టిఫికెట్ ఇయ్యాల, అందులో పార్ట్ ఎ ఆ రికార్డు ఇచ్చే పార్టీ నింపాల, పార్ట్ బి నిపుణుడు నింపాల, ఏ పద్ధతిలో హ్యాష్ (డేటా మొత్తాన్ని లెక్కగట్టి తీసే వేలిముద్ర లాంటి విలువ) తీసినారో, ఆ విలువ ఎంతో రాయాల. అంటే హ్యాష్ ఇప్పుడు చట్టంలోకే వచ్చేసింది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ఇంక ల్యాబ్. టీముకు ఇద్దరం, నేను, నా ఫ్రెండ్. ఒక బ్రౌన్ కవర్లో పెన్ డ్రైవ్, దాంతో ఒక కస్టడీ ఫారం, అంటే అది ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో రాసే కాగితం. ఒక షాపులో పనిచేసే మనిషి బిల్ బుక్ ఫోటోలు బయటికి పంపించి డిలీట్ చేసినాడు అనేది కట్టుకథ, ఆ ఫోటోలు మేము బయటికి తీయాల. డ్రైవ్‌ని మా లెక్చరర్ ఉబుంటు ల్యాప్‌టాప్‌లో రెడీ చేసినారు, అది మాకు ముందే చెప్పినారు, ఇదీ గుర్తుపెట్టుకోండి.

మా ల్యాబ్‌లో రైట్ బ్లాకర్ పరికరం లేదు. అది ఉంటే డ్రైవ్‌ని చదవడమే గానీ దానిమీద ఒక్క అక్షరం కూడా రాయనీయదు. లేదు కాబట్టి విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో స్టోరేజ్ డివైస్ పాలసీస్ కింద రైట్ ప్రొటెక్ట్ విలువ 1 పెట్టి, ఆ తర్వాతే డ్రైవ్ గుచ్చినాం. ఎఫ్‌టీకే ఇమేజర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇమేజ్ తీసినాం, అంటే డిలీట్ చేసినవాటితో సహా డ్రైవ్‌లో ఉన్నది ఉన్నట్టు కాపీ, .ఈ01 ఫైలు. అయిపోయినాక అది రెండు హ్యాష్‌లు చూపిస్తుంది, ఎండీ5 అయితే 32 అక్షరాలు, ఎస్‌హెచ్‌ఏ1 అయితే 40. మిగతా టీములన్నీ స్క్రీన్ ఫోటో తీసుకొని వెళ్ళిపోయినారు. నేను రెండూ చేత్తో ఫారంలో రాసినా, ఒక్కో అక్షరం నా ఫ్రెండ్ చదువుతా ఉంటే. పక్కన టైం వేసి ల్యాబ్ అన్నతో సంతకం పెట్టించినా. కవర్ అంటించి, దాని మీద కూడా ఇద్దరం సంతకాలు పెట్టి బీరువాలో పెట్టించినాం. క్లాసు మొత్తంలో ఇట్ల చేసిన టీము మాదొక్కటే, ఈ మాట గర్వంగానే చెప్తా.

అనాలిసిస్ బాగా జరిగింది. ఆటాప్సీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇమేజ్ ఎక్కించి చూసినాం. మా డ్రైవ్‌లో ఫైళ్ళు దాచే పద్ధతి ఫ్యాట్32, అందులో ఫైలు డిలీట్ చేస్తే డైరెక్టరీలో (ఫైళ్ళ పట్టికలో) దాని ఎంట్రీ మొదటి బైటు ఈ5 అవుతుంది, అసలు డేటా మీద వేరేది పడేదాకా అది అట్లే ఉంటుంది. జేపెగ్ ఫోటో అయితే ఎఫ్‌ఎఫ్ డీ8 అనే బైట్లతో మొదలయ్యి ఎఫ్‌ఎఫ్ డీ9తో ముగుస్తుంది, పేరు పోయినా ఆ గుర్తులు పట్టుకొని వెతికి తీయొచ్చు. బిల్ బుక్ ఫోటోలన్నీ పూర్తిగా వచ్చినాయి. ఒక్క జాగ్రత్త, టైం జోన్. ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఫైళ్ళు దాచే ఇంకో పద్ధతి ఉంది, అది టైంని యూటీసీలో (మన టైంకి ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ టైం) దాస్తుంది, ఫ్యాట్ మాత్రం ఆ కంప్యూటర్ గడియారం ఏం చూపిస్తే అదే రాసేస్తుంది. ఈ తేడా తెలియకుండా అన్నిటికీ ఐదున్నర గంటలు కలిపేసిన టీము రిపోర్టులో షాపు పనివాడు అర్ధరాత్రి దాటినాక బిల్లులు ఫోటో తీసినట్టు వచ్చింది.

ఇప్పుడు వైవా రోజు సంగతి.

ఎక్స్‌టర్నల్‌గా ఒక సార్ వచ్చినారు, బయటి ఊరు. ఫస్ట్ నుంచే విసుగ్గా ఉన్నారు. మా కవర్ బీరువాలోంచి తెచ్చి ఇచ్చినారు. నేను అప్పుడే చూసినా, మేము అంటించిన చోట చించి, మళ్ళీ పిన్ను కొట్టి ఉంది. చెప్పబోతే ‘ఆగమ్మా’ అన్నారు. డ్రైవ్ గుచ్చి హ్యాష్ తీసినారు, ఫారంలో ఉన్నదానికి ఒక్క అక్షరం కూడా కలవలేదు.

‘ఏమ్మా, దీన్ని కెలికినారా?’

‘లేదు సార్, ఇమేజ్ తీసినాక మేం ముట్టుకోలేదు సార్.’

‘మరి ఎట్ల మారింది? దానంతటదే మారిందా?’

‘సార్, కవర్ చించి ఉంది చూడండి, మా సంతకం మీదనే...’

‘కవర్లు, సంతకాలు నాకు చెప్పొద్దు. హ్యాష్ కలవలేదు, ఎవిడెన్స్ ట్యాంపర్ చేసినారు. కోర్టులో అయితే మీ మీదనే కేసు పెడతారు, తెలుసా?’

క్లాసు మొత్తం చూస్తా ఉంది. నా ఫ్రెండ్‌కి కళ్ళనిండా నీళ్ళు. నేను ఇమేజ్ ఫైలుని వెరిఫై చేయమని అడిగినా, చేసినారు, అది ఫారంలో ఉన్న హ్యాష్‌తో సరిగ్గా కలిసింది. అప్పుడైనా ఒప్పుకోవాల కదా. ‘ఇమేజ్ మీ దగ్గరే ఉండింది, ఎప్పుడైనా చేసుకొని ఉంటారు’ అన్నారు. ఫారంలో ల్యాబ్ అన్న సంతకం, టైం చూపించినా. ‘ఫారం ఎవరు చూస్తారమ్మా’ అని నవ్వి, మమ్మల్ని వెనక నిలబెట్టి మిగతా టీములను పిలిచినారు. వాళ్ళ ఫారాల్లో సగం గళ్ళు ఖాళీ, వాళ్ళకు ఒక్క ప్రశ్న లేదు! వైవా అయ్యేదాకా అట్లే నిలబడినాం, ఒంగోలు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల నా ఫ్రెండ్, దొంగతనం చేసినట్టు తలకాయ వంచుకొని నిలబడింది పాపం, దాన్ని అట్ల చూసినప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

ఆ సార్‌కు తెలియందో, తెలిసీ పట్టించుకోందో ఒకటుంది. హ్యాష్ మారితే డేటా మారింది అని మాత్రమే అర్థం. ఒక్క బిట్ మారినా మొత్తం మారిపోతుంది కాబట్టి ఎంత మారిందో, ఏం మారిందో, ఎవరు మార్చినారో అది చెప్పదు. ఏ టైంలో ఎవరి చేతిలో ఉందో చెప్పేది ఆ ఫారమే. బ్యాంకులో నగలు కుదవ పెడితే మన ముందే తూకం వేసి, కవర్లో పెట్టి, సీలు మీద సంతకం తీసుకుంటారు కదా, మళ్ళీ విడిపించుకునేటప్పుడు తూకం తగ్గితే సీలు ఎప్పుడు తీసినారు, ఎవరు తీసినారు అని కదా అడగాల.

మరుసటి రోజు హెచ్ఓడీ మేడం దగ్గరికి పోయినాం. ఆమె కోపంగా లేరు, ‘నిరూపించుకోండి, చూస్తాను’ అన్నారు, అంత మాట చాలు నాకు. డ్రైవ్‌కి ఇంకో ఇమేజ్ తీయడానికి ఒప్పుకున్నారు, ఈసారి మేడం ముందరే. రెండు ఇమేజ్‌లు పక్కపక్కన పెట్టి చూసినాం.

కొత్తదాంట్లో సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డర్ ఉంది, పాతదాంట్లో లేదు. లోపల ఇండెక్సర్ వాల్యూమ్ గైడ్, డబ్ల్యూపీ సెట్టింగ్స్ అని రెండు చిన్న ఫైళ్ళు. ఇది విండోస్ తనంతట తాను పెట్టే ఫోల్డర్, పెన్ డ్రైవ్‌ని అడ్డం లేకుండా గుచ్చితే పెట్టేస్తుంది. మా లెక్చరర్ ఉబుంటులో రెడీ చేసినారు, మేము రైట్ ప్రొటెక్ట్ పెట్టి గుచ్చినాం, వైవా రోజు సిస్టమ్‌లో కూడా అదే సెట్టింగ్ ఉంది. మరి ఈ ఫోల్డర్ యాడ నుంచి వచ్చింది? క్రియేట్ అయిన తేదీ చూస్తే డ్రైవ్ బీరువాలో ఉన్న రోజు, మధ్యాహ్నం టైం.

అంతటితో ఆగలేదు నేను. డిలీటెడ్ ఫైల్స్‌లో ఒక వర్డ్ ఫైలు దొరికింది, అదే రోజు, ఫోల్డర్ తర్వాత కొన్ని నిమిషాలకు కాపీ అయ్యి, తర్వాత డిలీట్ అయ్యింది. ఫ్యాట్32లో పొడుగు పేర్లు వేరే ఎంట్రీల్లో దాస్తారు, డిలీట్ చేసినా ఆ పేరు చెక్కుచెదరకుండా ఉంటుంది. తెరిచి చూస్తే మా డిపార్ట్‌మెంట్ ఇంటర్నల్ పరీక్షల టైం టేబుల్! ఎవరో ప్రింట్ తీసుకోవడానికి పెన్ డ్రైవ్ దొరక్క, ఎవిడెన్స్ కవర్ చించి, మా డ్రైవ్‌ని వాడుకొని, ఫైలు డిలీట్ చేసి, పిన్ను కొట్టి పెట్టేసినారు. ఇంకా ఘోరం ఏందంటే ఆ టైం టేబుల్ వచ్చి ఒక బిల్ బుక్ ఫోటో ఉన్న క్లస్టర్ల (డ్రైవ్‌లో డేటా ఉండే గళ్ళు) మీద పడింది. మా పాత ఇమేజ్‌లో ఆ ఫోటో నిండుగా ఉంది, కొత్తదాంట్లో పై సగమే, కింద అంతా బూడిద రంగు. నిజం కేసు అయ్యుంటే, ముందే ఇమేజ్ తీసి ఉండకపోతే, ఆ సాక్ష్యం పోయినట్టే.

ఆఫీసు సిస్టమ్ కూడా మేడం చూడనిచ్చినారు. విండోస్ ఫోల్డర్లో ఐఎన్‌ఎఫ్ లోపల సెటప్ ఏపీఐ డెవ్ లాగ్ అని ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది, ఏ డివైస్ మొదటిసారి ఎప్పుడు గుచ్చినారో సీరియల్ నంబర్‌తో సహా అందులో పడుతుంది. మా డ్రైవ్ సీరియల్ నంబర్ అక్కడ ఉంది, టైం ఫోల్డర్ టైంకి ఒక నిమిషం లోపలే. ఆ సిస్టమ్ గడియారం ఫోన్‌తో పోల్చి, కరెక్ట్‌గా ఉందని అదీ రిపోర్టులో రాసినా, రేపు గడియారం తప్పు అని ఎవరూ అనకుండా. ఎవరు గుచ్చినారు అనేది నేను రాయలేదు, లాగ్ మనిషి పేరు చెప్పదు కాబట్టి. మేడంకి మాత్రం అర్థమయ్యింది.

నిన్న మార్కులు మార్చినారు, మంచివే వచ్చినాయి. కానీ క్లాసులో అందరి ముందు అన్న మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఎక్స్‌టర్నల్ వెళ్ళిపోయినారు, డిపార్ట్‌మెంట్ వాళ్ళు ‘మార్కులు వచ్చినాయి కదా, వదిలేయండి’ అంటా ఉన్నారు. మార్కులు గదిలో పిలిచి ఇచ్చినారు, అవమానం మాత్రం క్లాసు నడుమ చేసినారు. ఇది న్యాయం కాదని మేడంకి కూడా చెప్పినా.

తీసుకునేవాళ్ళకు చెప్పేది: తీసుకోండి, మంచి పేపర్. సంతకం లేకుండా ఏదీ చేతికి తీసుకోవద్దు, చేతినుంచి ఇయ్యొద్దు, అవతల ఉండేది లెక్చరర్ అయినా సరే. ప్రాక్టీసుకు చిన్న పెన్ డ్రైవ్ చాలు, 64 జీబీది పెడితే ఇమేజ్ అయ్యేదాకా కూర్చోవాల. ఎఫ్‌టీకే ఇమేజర్, ఆటాప్సీ రెండూ ఉచితమే, అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ వాళ్ళు సీఎఫ్‌రెడ్స్ పేరుతో ప్రాక్టీస్ ఇమేజ్‌లు కూడా ఉచితంగా పెట్టినారు. కాబట్టి సాఫ్ట్‌వేర్, సర్టిఫికెట్ అని వేలకు వేలు అడిగే కోచింగ్ వాళ్ళ మాట వినొద్దు, జాబ్ గ్యారంటీ అంటే అస్సలు వినొద్దు. ఫ్రెండ్ ఫోన్ మీద, ఇంట్లోవాళ్ళ ఫోన్ మీద చెప్పకుండా ప్రయోగాలు చేయొద్దు, అది నేరం కిందికి వస్తుంది.

ఇంకోమాట, పేపర్‌తో సంబంధం లేనిది. తిరుమల రూములు, దర్శనం టికెట్లు అని దొంగ వెబ్‌సైట్లలో డబ్బులు పోగొట్టుకున్న యాత్రికులు బస్టాండ్‌లో, అలిపిరిలో కనబడతానే ఉంటారు. చాలామంది సిగ్గుపడి ఆ చాట్, ఆ మెసేజ్‌లు డిలీట్ చేసేస్తారు. చేయొద్దని చెప్పండి వాళ్ళకు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఉంటుంది. స్క్రీన్ షాట్ తీసుకున్నా సరే, అసలు చాట్ ఫోన్లోనే ఉంచమనండి.

వచ్చే సెమిస్టర్‌లో మెమరీ ఫోరెన్సిక్స్ (నడిచే కంప్యూటర్ ర్యామ్‌లో ఉన్నది తీసి చూడడం) ఉందంట, వొలటిలిటీ టూల్‌తో. నేను, నా ఫ్రెండ్ కలిసి ఒక అర్జీ రాసి మేడంకి ఇచ్చినాం: ఎవిడెన్స్ బీరువాకు వేరే తాళం, తాళం తీసినప్పుడల్లా రాసే రిజిస్టర్, కనీసం ఒక హార్డ్‌వేర్ రైట్ బ్లాకర్. తీసుకున్నట్టు సంతకం కూడా పెట్టించుకున్నా. ఇంకా జవాబు రాలేదు, సోమవారం పోయి అడుగుతా.