బైట్‌కోడ్ వీఎంలో తనిఖీలు: తప్పు పుట్టిన చోటే పట్టుకోవడానికి

లూప్ తర్వాత ప్రకటించిన వేరియబుల్‌లో 100 ఉండాలి, ప్రింట్ చేస్తే 7 వస్తోంది. లూప్ చివరిదాకా తిరిగితే 100 సరిగ్గానే వస్తుంది. మధ్యలో బ్రేక్‌తో బయటపడితేనే 7. క్రాష్ లేదు, ఎర్రర్ మెసేజ్ లేదు. ఇది సీలో రాసిన చిన్న స్టాక్ వీఎం, అంటే కంపైలర్ ఇచ్చే బైట్‌కోడ్ ఆదేశాలని నడిపే వర్చువల్ మెషీన్, విలువల్ని స్టాక్ అనే దొంతరలో ఉంచుతుంది: 53 ఆప్‌కోడ్‌లు (ఆదేశాల రకాలు), 16 బైట్ల విలువలు (రకం చెప్పే ట్యాగ్‌కి 8, డేటాకి 8), మార్క్ అండ్ స్వీప్ జీసీ (ఎవరూ వాడని మెమరీని ఊడ్చేసే భాగం). జీడీబీ డీబగ్గర్‌లో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడిపించి చూస్తే ప్రతి ఆప్‌కోడూ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. తప్పంతా కంపైలర్ ఇచ్చిన బైట్‌కోడ్‌లో ఉంది. ఇచ్చిన బైట్‌కోడ్ సరైనదో కాదో తెలుసుకునే మార్గం వీఎంకి లేదు. ఆ మార్గం వేయడంతోనే పని మొదలుపెట్టాను.

ముందుగా ఆప్‌కోడ్‌ల వివరాలన్నీ ఒకే ఫైల్‌లోకి తెచ్చాను. ఒక్కో ఆప్‌కోడ్‌కి ఒక వరుస: పేరు, ఆపరాండ్ (ఆప్‌కోడ్ వెంట వచ్చే విలువ) ఎన్ని బైట్లు, స్టాక్ నుంచి ఎన్ని తీస్తుంది, ఎన్ని పెడుతుంది. ఈనమ్ (ఆప్‌కోడ్ పేర్ల జాబితా), డిసెంబ్లర్ (బైట్‌కోడ్‌ని చదవగలిగేలా చూపేది), తనిఖీ పట్టిక మూడూ మ్యాక్రో ద్వారా ఆ ఫైల్ నుంచే పుడతాయి. ఇవి విడివిడిగా రాసుకుంటే కొత్త ఆప్‌కోడ్ చేర్చిన రోజే ఏదో ఒకటి మర్చిపోతాం, అప్పటినుంచి తనిఖీయే అబద్ధం చెబుతుంది. కాల్ లాంటి వాటికి తీసే సంఖ్య ఆపరాండ్‌ని బట్టి మారుతుంది కాబట్టి పట్టికలో -1 పెట్టి, ఆర్గ్యుమెంట్ల సంఖ్యకి ఒకటి కలిపి (ఆ ఒకటి ఫంక్షన్ విలువ) విడిగా లెక్కించాను.

ఆ పట్టిక ఆధారంగా వెరిఫయర్ రాశాను. ఫంక్షన్ కంపైల్ అవగానే, ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా నడవకముందే ఇది పనిచేస్తుంది. కోడ్ ఎన్ని బైట్లుంటే అంత పొడవున్న అరే ఒకటి, అన్నిట్లో -1. ఆఫ్‌సెట్ 0 (కోడ్ మొదలు) దగ్గర స్టాక్ లోతు, అంటే స్టాక్ మీదున్న విలువల సంఖ్య, పారామీటర్ల సంఖ్యతో మొదలవుతుంది. అక్కడినుంచి ప్రతి దారీ నడుస్తూ, ప్రతి ఇన్‌స్ట్రక్షన్ మొదట్లో లోతు ఎంతో ఆ అరేలో రాసుకుంటూ పోతుంది. షరతు ఉన్న జంప్ వస్తే రెండో దారిని వర్క్‌లిస్ట్‌లో (ఇంకా నడవాల్సిన దారుల జాబితా) వేసుకుంటుంది. అప్పటికే నడిచిన ఆఫ్‌సెట్‌కి మళ్లీ చేరితే రెండు లోతులూ ఒకటే కావాలి, కాకపోతే అక్కడే ఆపేస్తుంది. జావా క్లాస్ ఫైల్‌లో ప్రతి మెథడ్‌కి గరిష్ఠ స్టాక్ లోతు ముందే రాసి ఉంటుంది, జేవీఎం (జావా వీఎం) వెరిఫయర్ చూసే వాటిలో ఈ లోతుల పొందిక కూడా ఒకటి.

మొదటిసారి నడపగానే దొరికింది: ఆఫ్‌సెట్ 41 దగ్గర ఒక దారిలో లోతు 3, ఇంకో దారిలో 4. ఆ 41 లూప్ బయటి మొదటి ఇన్‌స్ట్రక్షన్. లూప్ లోపల ఒక లోకల్ వేరియబుల్ ఉంది. బ్లాక్ మామూలుగా ముగిస్తే కంపైలర్ దానికొక పాప్ (స్టాక్ పై విలువని తీసేసే ఆదేశం) ఇస్తోంది, బ్రేక్‌కి మాత్రం పాప్ ఇవ్వకుండా నేరుగా జంప్ ఇస్తోంది. దాంతో లోపలి వేరియబుల్ విలువ 7 స్లాట్ 3లో (స్టాక్‌లో స్థానం, 0 నుంచి లెక్క) మిగిలిపోయింది. తర్వాత ప్రకటించిన వేరియబుల్ స్లాట్ 3లో ఉందని కంపైలర్ లెక్క, నిజానికి 100 వెళ్లి కూర్చుంది స్లాట్ 4లో.

దీన్ని సరిచేసేటప్పుడు ఒక మెలిక ఉంది. బ్రేక్ జంప్‌కి ముందు, లూప్ కంటే లోపలి స్కోప్‌లో ఉన్న ప్రతి లోకల్‌కీ ఒక పాప్ ఇవ్వాలి, కానీ కంపైలర్ తన లోకల్స్ జాబితాలోంచి వాటిని తీసేయకూడదు. బ్రేక్ తర్వాత అదే బ్లాక్‌లో ఇంకా కోడ్ ఉంటుంది, దానికి ఆ వేరియబుల్స్ కావాలి. బ్లాక్ ముగించే ఫంక్షన్‌నే ఇక్కడా పిలిస్తే జాబితా కూడా ఖాళీ అయిపోయి ఇంకో బగ్ పుడుతుంది. కంటిన్యూకి కూడా ఇదే మందు.

నడిచేటప్పటి తనిఖీని మొదట్లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కీ ముందొకటి, వెనకొకటిగా రాశాను. కాల్ దగ్గర అది తప్పుడు కేకలు పెట్టింది, ఎందుకంటే కాల్ ముగిసేసరికి కొత్త ఫ్రేమ్ (పిలిచిన ఫంక్షన్‌కి స్టాక్‌లో కేటాయించిన భాగం) వచ్చి, ఆ భాగం మొదలైన బేస్ మారిపోతుంది. వెరిఫయర్ రాసుకున్న లోతుల అరేని పారేయకుండా దాచుకుంటే ఈ గొడవే ఉండదు. డిస్పాచ్ (తర్వాతి ఆప్‌కోడ్ చదివి దాని కోడ్‌కి వెళ్లే చోటు) మొదట్లో ఒకే పోలిక: స్టాక్ పాయింటర్‌లోంచి ఫ్రేమ్ బేస్ తీసేస్తే వచ్చే సంఖ్య, ఈ ఆఫ్‌సెట్‌కి అరేలో ఉన్న సంఖ్యతో సరిపోవాలి. కాల్, రిటర్న్, ఎక్సెప్షన్ అన్నిటికీ అదే చాలు. ఏ ఆప్‌కోడ్ అమలులోనైనా ఒక పాప్ ఎక్కువో తక్కువో పడితే ఆ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే ఆగుతుంది.

ఈ తనిఖీ ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. జీసీసీ, క్లాంగ్‌లలో లేబుల్ చిరునామాల పట్టికతో డిస్పాచ్ చేస్తుంటే లూప్ పైభాగం అంటూ ఉండదు, ప్రతి ఆప్‌కోడ్ చివరా ఒక గోటో ఉంటుంది. డీబగ్ బిల్డ్‌కి స్విచ్ వాడి, రిలీజ్‌కి గోటో వాడే పద్ధతి నాకు నచ్చదు. పరీక్షించేది ఒక కోడ్, జనానికి ఇచ్చేది ఇంకో కోడ్ అవుతుంది. ఆ గోటో ఉన్న మ్యాక్రోలోనే తనిఖీ పెట్టాను. పట్టికలో మొత్తం 256 స్థానాలూ నింపాలి, వాడని 203 స్థానాలూ "తెలియని ఆప్‌కోడ్" అని చెప్పి ఆగే లేబుల్‌కే వెళ్లాలి.

అసర్ట్ (షరతు తప్పితే ప్రోగ్రామ్‌ని ఆపే సీ మ్యాక్రో) విషయంలో ఒక హెచ్చరిక. తనిఖీలు పెట్టాక డీబగ్ బిల్డ్ పరీక్షలన్నీ పాసై, రిలీజ్ బిల్డ్‌లో స్టాక్ పెరుగుతూ పోయింది. కారణం, పాప్ పిలుపుని అసర్ట్ బ్రాకెట్‌ల లోపలే రాయడం. రిలీజ్‌లో అసర్ట్ మాయమైతే దాంతోపాటు పాప్ కూడా మాయమవుతుంది. విలువని ముందు వేరే వేరియబుల్‌లోకి తీసుకుని, అసర్ట్‌లో పోలిక ఒక్కటే ఉంచాలి.

లోతు సరిగా ఉన్నా పాత విలువ చదివే తప్పులు ఇంకా మిగులుతాయి. అందుకే పాప్ చేసిన ప్రతి స్లాట్‌లోనూ ఒక విషపు ట్యాగ్ (255) రాస్తాను. ఏ ఆప్‌కోడ్ చదివిన విలువలోనైనా ఆ ట్యాగ్ కనిపిస్తే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. సున్నా రాయడం పనికిరాదు, మన ట్యాగ్‌ల్లో సున్నా అంటే నిల్, అది చూడ్డానికి మామూలు విలువలాగే ఉంటుంది. సీపైథాన్ (సీలో రాసిన పైథాన్) డీబగ్ అలొకేటర్ విడిచిన మెమరీని డీడీ అనే హెక్స్ బైట్‌తో, కొత్తగా ఇచ్చినదాన్ని సీడీతో నింపేది కూడా ఇందుకే. డంప్‌లో చూడగానే సంగతి తెలిసిపోతుంది.

జీసీ తప్పులకి వేరే పద్ధతి కావాలి. మామూలుగా జీసీ ఎప్పుడో ఒకసారి నడుస్తుంది, అందుకే రూట్ చేయని (వాడకంలో ఉందని జీసీకి కనబడని) వస్తువు చాలాసార్లు అదృష్టవశాత్తూ బతికిపోతుంది. ఒత్తిడి మోడ్‌లో ప్రతి అలొకేషన్‌కీ ముందు పూర్తి జీసీ నడిపిస్తాను. అది పెట్టగానే స్ట్రింగ్‌లు కలిపే ఆప్‌కోడ్ పడిపోయింది. ఆ కోడ్ వరస ఇలా ఉంది: రెండు స్ట్రింగ్‌లనీ పాప్ చేయి, ఫలితానికి మెమరీ తీసుకో, కాపీ చేయి, పుష్ చేయి. మెమరీ తీసుకునే క్షణానికి ఆ రెండు స్ట్రింగ్‌లూ స్టాక్ మీద లేవు, సీ లోకల్ వేరియబుల్స్‌లో మాత్రమే ఉన్నాయి. వాటి సంగతి జీసీకి తెలియదు, ఊడ్చేసింది. వరస మార్చాలి: స్టాక్ మీద ఉంచే చదువు, మెమరీ తీసుకో, కాపీ చేయి, ఆ తర్వాతే రెండు తీసి ఒకటి పెట్టు. కాన్‌స్టంట్ పట్టికలోనూ ఇదే తప్పు దొరికింది. కొత్త స్ట్రింగ్‌ని పట్టికలో పెట్టబోతే పట్టిక పెద్దది కావాల్సి వస్తుంది, ఆ అలొకేషన్‌తో జీసీ నడిచి, పెట్టబోయే స్ట్రింగ్‌నే ఊడుస్తుంది.

ఒత్తిడి మోడ్ ఒక్కటే చాలదు. విడిచిన ముక్కనే మ్యాలాక్ (సీలో మెమరీ ఇచ్చే ఫంక్షన్) వెంటనే తిరిగి ఇస్తే, పాత పాయింటర్ కొత్త వస్తువు మీద పడి తప్పు కప్పబడిపోతుంది. అడ్రెస్ శానిటైజర్ (మెమరీ తప్పుల్ని పట్టే సాధనం) విడిచిన మెమరీని కొంతకాలం క్వారంటైన్‌లో ఉంచుతుంది కాబట్టి రెండూ కలిపి నడపాలి. అయితే సొంత అరీనా అలొకేటర్ (ఒక పెద్ద బ్లాక్ తీసుకుని ముక్కలుగా పంచేది) ఉంటే శానిటైజర్‌కి లోపలి ముక్కలు కనిపించవు, మొత్తం ఒకే పెద్ద బ్లాక్‌గా చూస్తుంది. దాని పాయిజన్, అన్‌పాయిజన్ మ్యాక్రోలని అలొకేటర్‌లో మనమే పిలవాలి, ముక్కలు 8 బైట్ల సరిహద్దుల మీద ఉండాలి. శానిటైజర్ 8 బైట్లకి ఒక షాడో బైట్ (ఆ మెమరీ వాడొచ్చో లేదో రాసుకునే బైట్) లెక్కన చూస్తుంది.

స్టాక్ పెరిగేటప్పుడు రియలాక్‌తో (బ్లాక్ సైజు మార్చే సీ ఫంక్షన్) చోటు మారుతుంది. నేటివ్ ఫంక్షన్ (నేరుగా సీలో రాసినది) చేతిలో ఏదైనా స్లాట్ పాయింటర్ ఉంటే అది చచ్చిన పాయింటర్. లువా భాష 5.4 సోర్సులో దీనికోసమే ఒక పరీక్ష మ్యాక్రో ఉంది, అది స్టాక్‌ని అవసరం లేకపోయినా మళ్లీమళ్లీ అలొకేట్ చేయిస్తుంది. అదే పద్ధతిలో ప్రతి కాల్‌కీ కొత్త బ్లాక్ తీసుకుని, కాపీ చేసి, పాతది విడిచేలా పెట్టాను. నేటివ్ ఫంక్షన్‌లకి పాయింటర్ బదులు బేస్ నుంచి ఇండెక్స్ ఇవ్వాలని ఆ తర్వాతే తేల్చుకున్నాను.

తనిఖీ ఆపినప్పుడు ఏం చూపించాలి? చివరి 64 ఇన్‌స్ట్రక్షన్‌ల రింగ్ బఫర్ (నిండితే పాతవాటి మీదే రాసేది): ఆఫ్‌సెట్, ఆప్‌కోడ్, లోతు, పై విలువ ట్యాగ్, దాని 8 బైట్లు. 64 రెండు ఘాతం కనుక 63తో యాండ్ చేస్తే ఇండెక్స్ వస్తుంది. ఆ బైట్లని అంకెలుగానే ప్రింట్ చేయాలి, పాయింటర్‌గా వాడకూడదు. ఈలోగా ఆ వస్తువుని జీసీ ఊడ్చేసి ఉంటే రిపోర్ట్ ప్రింట్ అవుతుండగానే ఇంకో క్రాష్ వస్తుంది. రిపోర్ట్ కోడ్ మెమరీ అడగకూడదు, వాడుకరి రాసిన మెథడ్‌లని పిలవకూడదు. లైన్ నంబర్ దగ్గర రెండు జాగ్రత్తలు: ఆప్‌కోడ్ చదివేసరికి ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్ ముందుకెళ్లిపోతుంది, అందుకే చదవకముందటి ఆఫ్‌సెట్‌ని విడిగా దాచాలి. వేగం కోసం ఆ పాయింటర్‌ని లోకల్ వేరియబుల్‌లో ఉంచితే ఫ్రేమ్‌లో ఉండేది పాత విలువ, కాబట్టి తనిఖీకి ముందు ఫ్రేమ్‌లోకి రాసేయాలి.

రిలీజ్‌లో వీటిలో ఏది ఉంచాలన్నది బైట్‌కోడ్ ఎక్కడినుంచి వస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. లువా 5.2 నుంచి బైట్‌కోడ్ వెరిఫయర్‌ని తీసేశారు, నమ్మకం లేని బైనరీ చంక్‌లని (ముందే కంపైల్ చేసిన కోడ్) లోడ్ చేయవద్దనే చెబుతారు. మా వీఎం ఫైల్ నుంచి కూడా లోడ్ చేస్తుంది కాబట్టి వెరిఫయర్ రిలీజ్‌లోనూ ఉంది, మిగిలినవన్నీ మ్యాక్రో వెనకే.

చివరగా, తనిఖీలనే పరీక్షించాలి. సరైన బైట్‌కోడ్ ఫైల్ తీసుకుని ఒక్కో బైట్‌నీ మార్చి లోడ్ చేయిస్తూ పోయాను. వెరిఫయర్ ఒప్పుకున్నది ఏదైనా శానిటైజర్ కింద శుభ్రంగా నడవాలి. చాలా ఫైళ్లని తిప్పికొట్టింది గానీ, ఒకదాంట్లో వెరిఫయరే పడిపోయింది. వెనక్కి జంప్ చేసే ఇన్‌స్ట్రక్షన్‌లో 16 బిట్ల దూరాన్ని మార్చినప్పుడు గమ్యం -3 అయింది. నా తనిఖీ "గమ్యం కోడ్ పొడవు కంటే తక్కువా?" అని మాత్రమే అడుగుతోంది. -3 తక్కువే, దాంతో అరే ముందున్న మెమరీని చదివింది. ఇప్పుడు రెండు కొసలూ చూస్తున్నాను. ఆపైన ఆ గమ్యం ఏదో ఇన్‌స్ట్రక్షన్ మొదలా, లేక ఆపరాండ్ మధ్యలోనా అన్నది చూడటానికి, ఇన్‌స్ట్రక్షన్ సరిహద్దుల్ని ముందే ఒకసారి వరసగా నడిచి బిట్‌మ్యాప్‌లో రాసుకుంటున్నాను.